మోడుకు మూడు ఊతాలు

పార్కు, పనిముట్ల గది పక్కన
ఎండలు ముదరకముందు

అన్నయ్యకి,

ఫోన్ చేస్తే నేను సగం మాట చెప్పేలోపే మిగతా సగం నువ్వు అందుకుని, దానికి జవాబు కూడా నువ్వే చెప్పేసుకుంటావు. అందుకే ఉత్తరం. కాగితాన్ని మధ్యలో ఆపలేవు కదా.

నీతో పని పడింది. మా పార్కు గేటు పక్కన ఒక పెద్ద చెట్టు ఎండిపోయి చాలా కాలమైంది. ఆకు లేదు, బెరడు సగం ఊడిపోయింది. హెడ్ తోటమాలిగా దాన్ని నేను ఎప్పుడో కొట్టించాల్సింది. కానీ ఒక వడ్రంగి పిట్టల జంట అందులో చేరింది. మనిషికి అందనంత ఎత్తులో గుండ్రంగా తొర్ర తొలుచుకుని గుడ్లు పెట్టాయి. పగలు వంతులేసుకుని పొదుగుతాయి. రాత్రంతా మాత్రం మగదే గుడ్ల మీద కూర్చుంటుంది. ఈ ముక్క వదినకి తప్పకుండా చదివి వినిపించు.

పోయిన వారం గాలికి ఒక కొమ్మ విరిగి నడిచే దారి మీద పడింది. అదృష్టం కొద్దీ ఎవరికీ తగల్లేదు. మా సూపరింటెండెంట్ గారు వచ్చి చూసి, మాను మీద ఎర్ర రంగుతో గీత గీయించారు. గీత పడిందంటే రంపం వస్తుందని అర్థం. ఆయన్ని తప్పుపట్టను, పిల్లలు పరుగులు పెట్టే చోటు మరి. నేను బతిమాలితే ఒక మాట అన్నారు. "పక్క చెట్టుకి చెక్క గూడు ఒకటి కట్టించమ్మా. పిట్టలు అందులోకి మారాక దీన్ని కొట్టేద్దాం."

కాపురం మధ్యలో అవి ఇల్లు మారతాయా అని నాకు అనుమానమే. కానీ ఆ మాట పైకి అంటే రంపం రేపే దిగుతుంది. కాస్త గడువు దొరికినా చాలనుకుని సరేనన్నాను. పాత చెక్క ఏదైనా ఉంటే గరుగ్గా ఒక పెట్టె చేసి పంపు. ఎక్కువ కష్టపడకు.

నీ చెల్లెలు

---

వర్క్‌షాపు, వెనక గది
పాలిష్ ఆరేలోపు

ఆకులమ్మకి,

పాత చెక్కా? గరుగ్గానా? ఎవరికి రాస్తున్నావో చూసుకునే రాశావా, లేక ఆకులు ఊడ్చి ఊడ్చి కళ్ళు మసకబారాయా? నా షాపు గుమ్మం దాటి గరుకు వస్తువు ఇంతవరకు బయటికి వెళ్ళలేదు. పిట్ట అడిగినా వెళ్ళదు.

పెట్టె లారీలో పంపుతున్నాను. ఒక్క మేకు లేదు, అంతా చెక్కలో చెక్క దిగిన పట్టు మీదే నిలబడింది. లోపలా బయటా చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, నాలుగు పూతలు పాలిష్ వేశాను. లోపల చెయ్యి పెట్టి చూడు, గాజుపలక మీద జారినట్టు జారుతుంది. చెదలు పట్టకుండా మందు బాగా పట్టించాను. చీమ కాదు కదా, చీమ నీడ కూడా అందులోకి రాదు. మూతకి ఇత్తడి మడతబందు వేశాను.

షాపుకి వచ్చిన ఒకావిడ దాన్ని నగల పెట్టె అనుకుని ఖరీదు అడిగింది. పిట్టలకని చెప్తే నన్ను ఎగాదిగా చూసింది.

మగపిట్ట సంగతి మీ వదినకి చదివి వినిపించాను, బుద్ధి లేక. "ఆ పిట్టని ఒకసారి మనింటికి పిలవండి, మీకు నాలుగు మంచి మాటలు చెప్తుంది" అంది.

గూట్లో చేరగానే రాయి.

నీ అన్నయ్య

---

పార్కు, పనిముట్ల గది పక్కన
గుడ్లు పిగిలిన వారం

అన్నయ్యకి,

పెట్టె చేరింది. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. చెట్లెక్కి కొమ్మలు కోసే మా తాడు బాబాయి తెలుసుగా, భుజాన తాడు లేకుండా ఆయన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆయన దాన్ని పక్క చెట్టుకి కట్టేముందు చేతులు కడుక్కున్నాడు. మనుషుల సామాను మోసేటప్పుడు కూడా కడుక్కోనివాడు!

నీకు శుభవార్త. గుడ్లు పిగిలి పిల్లలు వచ్చాయి. తల్లికీ తండ్రికీ ఒళ్ళు వంచి పని చెయ్యడమే సరిపోతోంది. వాటి తిండి సంపాదన చూసి తీరాలి అన్నయ్యా. మాను మీద ముక్కుతో తట్టి ఆగుతుంది, మళ్ళీ తట్టి ఆగుతుంది. అచ్చం పుచ్చకాయ కొనేవాళ్ళలాగే. లోపల పురుగు తొలిచిన బోలు ఉందనిపిస్తే అక్కడ చెక్క లేపుతుంది. ఇక నాలుక బయటికి తీస్తే ఇంత చిన్న తలలో అంత పొడుగు నాలుక ఎక్కడ దాచిందా అనిపిస్తుంది. దాని మొదలు పుర్రె వెనకనుంచి చుట్టి వస్తుందట. జిగురుగా ఉంటుంది, చివర ముళ్ళు. తెల్ల పురుగులు, చీమలు, చీమల గుడ్లు, ఏది తగిలితే అది పైకి వచ్చేస్తుంది. ఎండుమాను నిండా వాటికి భోజనమే.

పిల్లల అరుపు పనిముట్ల గది దాకా వినిపిస్తోంది. అందరూ క్షేమం. కొత్త ఇల్లన్నాక ఎవరికైనా అలవాటు కావడానికి కాస్త టైము పడుతుంది కదా.

వదిన్ని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు

---

వర్క్‌షాపు, వెనక గది
చేతినిండా పని

ఆకులమ్మకి,

చెప్పానా లేదా! నా పెట్టెలో పిట్ట పిల్లల్ని కంది!

నీ ఉత్తరం షాపులో అందరికీ చదివాను. పుచ్చకాయ ముక్క రెండుసార్లు చదవమన్నారు. టీ కొట్టు ఆయనకి చదివాను. మీ వదినకి చదవబోతే "మూడోసారి వద్దు" అంది.

అసలు సంగతి ఇంకా ఉంది. మీ సూపరింటెండెంట్ గారు ఈ ఊళ్ళోనే ఇల్లు కట్టుకుంటున్నారని తెలుసుగా. తలుపులన్నీ నా దగ్గరే. మొన్న చూసుకోవడానికి వచ్చారు. నేనే శుభవార్త చెప్పాను. "సార్, మీరు చెప్పిన గూడు చేశాను. పిట్టలు కాపురం పెట్టేశాయి, పిల్లలు కూడా వచ్చేశాయి" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "పెద్ద బరువు దించారు. అయితే ఇంక ఆ చెట్టుతో పని లేదు, వచ్చే సోమవారమే కొట్టించేస్తాను" అని నాకు చెయ్యి కలిపి మరీ వెళ్ళారు.

చూశావా, నీ తలనొప్పి కూడా నేనే తీర్చేశాను. థాంక్స్ చెప్పనక్కర్లేదు.

నీ అన్నయ్య

---

పార్కు
వెంటనే చదవాలి

అన్నయ్యా,

ఇది బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపుతున్నాను. రెండుసార్లు ఫోన్ చేస్తే రంపం మోతలో నువ్వు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "పెట్టె గురించేగా, నాకు తెలుసులే" అని పెట్టేశావు. చేతిలో ఏమున్నా కింద పెట్టి ఇది చివరిదాకా చదువు.

నీ పెట్టెలో పిట్టలు లేవు. ఒక్కరోజు కూడా చేరలేదు. పిల్లలు పుట్టింది ఎండుమాను తొర్రలోనే, ఇప్పుడున్నదీ అక్కడే. ఇంకా కళ్ళు తెరవలేదు. సోమవారం ఆ మాను కూలిస్తే వాటితో సహా కూలుతుంది.

నేను అబద్ధం రాయలేదు, కానీ నిజమూ రాయలేదు. నాలుగు పూతలు వేసిన మనిషికి "పనికిరాలేదు" అని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు దాన్ని సూపరింటెండెంట్ గారి దాకా మోసుకెళ్తావని ఎలా అనుకుంటాను?

ఆయన దగ్గరికి పరుగెత్తాను. జరిగింది చెప్పాను. "చేసిన మనిషే స్వయంగా చెప్పాడు కదమ్మా. చెట్టు మీద ప్రేమకొద్దీ నువ్వు మాట మారుస్తున్నావు" అన్నారు. నా మాట కొట్టేశారు. ఇప్పుడు ఆయన నమ్మేది నీ మాటే.

పెట్టెలో లోపమేంటని అడుగుతావు. మనుషులకైతే ఏ లోపమూ లేదు. పిట్ట గూట్లో దిగడం, ఎక్కడం గోళ్ళతోనే. గోరు ఆనకపోతే పిల్ల బయటికి రావడం కుదరదు, నునుపుకి జారి అడుగునే ఉండిపోతుంది. అదీకాక ఈ పిట్టకి ఇంకొకరు కట్టిన ఇల్లు గిట్టదు. లోపల మెత్తబడిన మాను చూసుకుని తానే తొలుచుకుంటుంది, రాలిన పొట్టు మీదే గుడ్లు పెడుతుంది. ఇక చీమా పురుగూ. అవి రాకూడదని నువ్వు ఎంత కష్టపడ్డావో, పిట్టలకి అవే కావాలి. ఒక ఉడుత మాత్రం నీ పెట్టెలో తల దూర్చింది. మందు వాసనకి తుమ్మి పారిపోయింది.

తిట్టాలంటే తర్వాత తిట్టు. ముందు ఆయన్ని ఆపు.

నీ చెల్లెలు

---

వర్క్‌షాపు

చెల్లికి,

ఉత్తరం అందింది.

ముందు నీ మీద కోపం వచ్చింది. తర్వాత ఉడుత మీద వచ్చింది. మీ వదిన కాగితం తీసుకుని చదివి, నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది.

సూపరింటెండెంట్ గారు కట్టే ఇంటి దగ్గర ఉన్నారు. మేస్త్రీలున్నారు, పక్కింటివాళ్ళున్నారు, మొన్న తలుపులు చూసి మెచ్చుకున్న ఆయన బంధువులూ ఉన్నారు. పక్కకి పిలిచి చెప్దామనుకున్నాను. మళ్ళీ అనిపించింది, గొప్ప చెప్పుకున్నది నలుగురిలో, ఇదీ నలుగురిలోనే చెప్పాలని. "సార్, నేను మీకు చెప్పింది తప్పు. నా పెట్టెలో పిట్టలు లేవు. అది వాటికి పనికిరాదు. మా చెల్లెలు చెప్పిందే నిజం" అన్నాను. నా వస్తువు పనికిరాదని నా నోటితో అనడం ఇదే మొదలు. ఒక మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. నవ్వనీ.

ఆయన నా వైపు తిరిగారు. "ఈలోగా ఆ చెట్టు పడి ఎవరికైనా తగిలితే?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. "పడకుండా చేస్తాను సార్" అనేశాను. పిల్లలు ఎగిరేదాకా రంపం ఆపుతానన్నారు. కానీ ఈ వారంలోగా చెట్టు కదలకుండా కట్టుదిట్టం చెయ్యాలి, ఆయన వచ్చి స్వయంగా ఊపి చూస్తారు.

మాటైతే ఇచ్చాను. ఎలా చెయ్యాలో నాకు తెలియదు. పడుకున్న చెక్కతోనే నా పని అంతా, నిలబడ్డ దాని సంగతి నీకే తెలుసు. ఆలోచించి రాయి. ఈసారి మధ్యలో అందుకోను.

అన్నయ్య

---

పార్కు, గేటు దగ్గర బెంచీ మీద

అన్నయ్యా,

నువ్వు ఆ మాట అక్కడ ఎలా అన్నావో ఊహించుకుంటుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. నువ్వు నా అన్నయ్యవి, అంతే.

ఇక పని. పొద్దుటినుంచి బెంచీ మీద కూర్చుని పిట్టనే చూస్తున్నాను. నిట్టనిలువు మాను మీద అంత గట్టిగా ముక్కుతో కొడుతూ వెనక్కి ఎందుకు పడిపోదు? దాని తోక ఈకలు బిరుసుగా ఉంటాయి. రెండు కాళ్ళతో పట్టుకుని, తోకని కిందికి దన్నుగా ఆనిస్తుంది. మూడు చోట్ల ఆనింది కాబట్టి కదలదు.

మనమూ అలాగే చేద్దాం. పైన బరువు తగ్గాలి కాబట్టి, తాడు బాబాయి ఎండు కొమ్మలన్నీ చేతిరంపంతో కోసి మెల్లగా తాడుతో దించుతాడు. మిగిలిన మోడుకి తొర్ర కింద ఒక ఇనప పట్టీ, దానికి మూడు వైపుల నుంచి మూడు ఏటవాలు దుంగలు. దారి వైపు ఒకటి పెద్దది. బొమ్మ గీసి పెట్టాను. నవ్వకు, నాకు గీతలు తిన్నగా రావు.

నీ చెల్లెలు

---

వర్క్‌షాపు, లారీ ఎక్కేముందు

చెల్లికి,

బొమ్మ చూశాను. గీతలు వంకరే, లెక్క మాత్రం తిన్నగా ఉంది.

దుంగలు నేరుగా మట్టి మీద నిలబెడితే వానకి దిగబడతాయి, అందుకని కింద వెడల్పాటి పలకలు వేస్తున్నాను. పట్టీ మానుని కొరక్కుండా మధ్యలో పాత టైరు ముక్కలు పెడతాను. అంతే. మిగతాదంతా నీ బొమ్మే. వేలు పెట్టడానికి సందు ఎక్కడైనా దొరుకుతుందేమోనని రెండు రోజులు వెతికాను, దొరకలేదు.

దుంగలు బెరడుతోనే తెస్తున్నాను. చిత్రిక ఇంట్లో వదిలేశాను. మందు డబ్బా మీ వదిన దాచేసింది.

అన్నయ్య

---

పార్కు, పనిముట్ల గది పక్కన
నువ్వు వెళ్ళిన మర్నాడు

అన్నయ్యకి,

సూపరింటెండెంట్ గారు పొద్దున్నే వచ్చి మోడుని రెండు చేతులతో ఊపారు. తర్వాత భుజంతో నెట్టారు. చివరికి జవానుని కూడా పిలిచి ఇద్దరూ కలిసి నెట్టారు. చొక్కా నలిగింది గానీ చెట్టు కదల్లేదు. నవ్వుతూ వెళ్ళిపోయారు.

నువ్వు పలకల మీద సుత్తి వేస్తుంటే మగపిట్ట పక్క చెట్టెక్కి నీకు జవాబుగా ముక్కుతో వాయించింది చూశావా? అది తన హద్దు చాటుకోవడం. ఎవడో పోటీకి వచ్చాడనుకుంది. తాడు బాబాయి ఇంకా చెప్పుకుని నవ్వుతున్నాడు. నువ్వు సుత్తి ఆపి దాన్ని వాయించనిచ్చి, అది ఆపాక మళ్ళీ మొదలుపెట్టావట కదా! పార్కులో అంతా ఆ మూడు దుంగలని "అన్నయ్య గారి ఊతాలు" అంటున్నారు. నేనూ అలాగే అంటున్నాను. అనడానికి ఎంత బాగుందో.

కానీ ఒక గొడవ వచ్చింది. పాముల సంగతి చూసుకున్నాను, మోడు చుట్టూ రేకు కట్టించాను. పైన డేగ తిరుగుతుంది. అది కనపడగానే తల్లిపిట్ట మాను వెనక్కి జరిగి ఊపిరి బిగబట్టినట్టు నిలబడిపోతుంది. దానికి మనం చేసేదేమీ లేదు. అయితే ఈ పొద్దున క్యాంటీన్ పిల్లి నీ దుంగ మీదుగా తాపీగా నడుచుకుంటూ పైకి వెళ్తోంది. దుంగ రేకుని దాటి పైన పట్టీ దాకా ఉంది మరి. నేను అరిచేసరికి దూకింది. ఇప్పుడూ బెంచీ కింద కూర్చుని నన్నే చూస్తోంది, నేను ఎప్పుడు అన్నానికి వెళ్తానా అని. దానికి నిచ్చెన వేసింది మనమే అన్నయ్యా. పిల్లలు తొర్రలోంచి తలలు బయటపెడుతున్నాయి. నేనూ బాబాయీ వంతులేసుకుని కాపలా ఉన్నాం.

నీ చెల్లెలు

---

వర్క్‌షాపు

చెల్లికి,

మూడు దుంగలకీ మూడు రేకు తొడుగులు పంపుతున్నాను. కొలతలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి అతుకు కింద వైపుకి వచ్చేలా వంచాను. మేకుల తలలు లోపలికి దిగ్గొట్టమని బాబాయికి చెప్పు, పిల్లి గోరు ఆనడానికి చోటు ఉండకూడదు. దుంగ మొదట్లో కాదు, పిల్లి ఎగిరి దూకినా అందనంత పైన బిగించాలి.

అది జారి పడితే ఎలా పడిందో వివరంగా రాయి.

అన్నయ్య

---

పార్కు, గేటు దగ్గర బెంచీ మీద
పిల్లలు ఎగిరిన రోజు

అన్నయ్యా,

పిల్లి సంగతి ముందు. మూడు దుంగలూ ప్రయత్నించింది. మూడింటి మీదా జారింది. చివరిసారి జారి లేచి, అసలు ఎక్కాలనే అనుకోనట్టు కూర్చుని మూతి తుడుచుకుంది.

ఇక అసలు విషయం. ఈ పొద్దున తల్లి నోట్లో పురుగు పెట్టుకుని వచ్చింది కానీ తొర్ర దగ్గరికి వెళ్ళలేదు. ఎదుటి చెట్టు మీద వాలి పిలిచింది. పెద్దపిల్ల తల బయటపెట్టి అరిచింది. తల్లి కదల్లేదు. పిల్ల గోళ్ళతో అంచు పట్టుకుని బయటికి పాకింది, మోడు మీద కాసేపు వేలాడింది, తర్వాత వదిలేసింది. కిందికి జారినట్టే అయింది, నేను బెంచీ మీంచి లేచిపోయాను. అంతలో రెక్కలు ఆడాయి. తల్లి పక్కన వాలింది. దాని వెనకే ఇంకొకటి. ఆఖరుది మాత్రం మధ్యాహ్నం దాకా మొండికేసింది. తండ్రి వచ్చి తిట్టినట్టు అరిస్తే గానీ కదల్లేదు.

తాడు బాబాయి కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. గాలే లేదు. నేనైతే దాచుకోలేదు. ఇన్నేళ్ళుగా ఎన్నో మొక్కలు నాటాను, ఎన్నో బతికాయి. ఈ రోజు పడ్డంత గర్వం ఎప్పుడూ పడలేదు.

ఇంక ఇచ్చిన గడువు అయిపోయింది. సూపరింటెండెంట్ గారు ఊరికి వెళ్ళారు. ఆయన తిరిగి వస్తే రంపం వస్తుందేమో తెలియదు. పాత తొర్రలో చిన్న గుడ్లగూబ ఒకటి అప్పుడే తొంగి చూసి పోయింది. వాటికి సొంతంగా తొలుచుకోవడం రాదు, ఇలాంటి ఖాళీ ఇళ్ళ కోసమే వెతుక్కుంటాయి. ఆయన్ని అడగాలని ఉంది, కానీ ఇప్పటికే ఎక్కువ అడిగాను.

నీ చెల్లెలు

---

వర్క్‌షాపు, ముందు గది
తలుపులు అప్పగించిన సాయంత్రం

చెల్లికి,

సూపరింటెండెంట్ గారు తలుపుల కోసం వచ్చారు. తలుపులు చూడలేదు. కూర్చుని నీ పార్కు గురించే మాట్లాడారు. గేటు దగ్గర మోడు అలాగే ఉంటుందట. జనం దాన్ని చూడడానికే వస్తున్నారట. వెనక వైపు ఎండిన మానులు ఇంకా ఉన్నాయని, వాటినీ కొట్టకుండా నిలబెట్టే వీలుందా అని అడిగారు. "మీ ఊతాల పద్ధతి బాగుందండీ. మిగతావాటికీ మీరే ప్లాను వేసి ఇవ్వండి" అన్నారు.

షాపు నిండా మనుషులున్నారు. మా పనివాళ్ళు రంపాలు ఆపి వింటున్నారు. నా సంగతి నీకు తెలుసు. ఎవరైనా నా పని మెచ్చుకుంటుంటే అడ్డం వెళ్ళే అలవాటు నాకు లేదు.

అయినా వెళ్ళాను. "ఆ ప్లాను నాది కాదు సార్. మా చెల్లెలిది. పిట్ట తోక చూసి తనే గీసింది. నేను దుంగలు కోసి పెట్టాను, అంతే" అన్నాను. ఆయన "మీ చెల్లెలు నాతో ఒక్కసారీ చెప్పలేదే!" అన్నారు. "చెప్పదు సార్. అందుకే నేను చెప్తున్నాను" అన్నాను.

రేపు నిన్ను ఆఫీసుకి పిలుస్తారు. పని నీకే రాస్తారు, నీ పేరు మీద. అందులో పట్టే చెక్క పని మాత్రం నాకివ్వు. ఇంతవరకు నా షాపులో ఇంకొకరు గీసిన గీత మీద నేను రంపం పెట్టలేదు. నీ గీత మీద పెడతాను. వంకరగా ఉన్నా పెడతాను.

ఆయన వెళ్ళాక మీ వదిన అడిగింది, "ఏంటండీ, మెప్పంతా చెల్లెలికి ఇచ్చేసి, మీరే రొమ్ము విరుచుకుని తిరుగుతున్నారు?" అని.

"నా చెల్లెలు మరి" అన్నాను.

అన్నయ్య